గడ మీది విద్య

మా సీమలో ఆడపిల్ల కొంచెము గట్టిగా నవ్వినను, చింతచెట్టెక్కినను, వీధిలో మగపిల్లలతో సమానముగా పరుగెత్తినను ఇంటిపెద్దల నోట ముందుగా వెలువడు తిట్టు "దొమ్మరిది" యనునది. ఐరాలలోను, చుట్టుపట్ల పల్లెలలోను నేను దీనిని చిన్ననాటినుండి వినుచున్నాను. నేడు నాయొద్ద పాఠములు చదువుకొను పిల్లల తల్లులును దీనిని మానలేదు. విచిత్రమేమనగా, ఈ మాట నాడువారిలో పెక్కుమంది దొమ్మరియాటను కన్నులార చూచినవారు కారు. ఆట మా యూళ్లనుండి దాదాపుగా వెడలిపోయినది. తిట్టు మాత్రము ఇల్లు కట్టుకొని కూర్చున్నది.

సంస్కృతము చదివినవాడను గనుక మాట వెనుక మాటను వెదకుట నాకలవాటు. శుక్లయజుర్వేదమున వాజసనేయ సంహిత 30వ అధ్యాయములో ఆనాటి వృత్తులవారి పట్టిక యొకటి కలదు. రథకారుడు, కుమ్మరి, కమ్మరి, వేటకాడు, వీణ వాయించువాడు, వీరందరి నడుమ "వంశనర్తి" యనువాడొకడు పేర్కొనబడినాడు. వంశమనగా వెదురు, వెదురుమీద ఆడువాడు వంశనర్తి. ఒక్కొక్కరిని ఒక్కొక్క దేవత కప్పగించు ఆ పట్టికలో ఈతనిని అంతరిక్షమున కప్పగించినారు. నేలకును స్వర్గమునకును నడుమనుండు చోటే కదా యీతని రంగస్థలము! మన తెలుగులోను ఈ విద్యకు తక్కువ గౌరవము లేకుండెను. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున శ్రీశైలములోని శివరాత్రి వేడుకలను వర్ణించుచు గడలపై నాడు స్త్రీలను ఆకాశమున నాడు దేవకాంతలతో పోల్చినాడు. "గడసాని" యను పదము మన నిఘంటువులలో నేటికిని నిలిచియున్నది. ఆ కులమువారిలో పలువురు ఇప్పుడు తమ్ము గడవంశీయులని పిలుచుకొనుచున్నారు. వంశమన్నను గడయన్నను వెదురే. వంశమనగా కులమును అగును. వారు కోరి చేసినదో, అప్రయత్నముగా అమరినదో కాని, ఇంత చక్కని శ్లేష పండితులకును సులభముగా దొరకదు.

నాకు తొమ్మిదేండ్ల ప్రాయమున ఐరాల చెరువుకట్ట దిగువ కళ్లములో ఒక దొమ్మరికుటుంబము గడ నాటినది. ముగ్గురు మగవారు కలిసి వెదురు నెత్తి నిలిపిరి. నాలుగుదిక్కుల మోకులు లాగి, గూటములు పాతి కట్టిరి. ఇంటి యజమాని ప్రతి మోకును తన బరువంతయు వేసి లాగిచూచి, తరువాత డోలు భుజమునకు తగిలించుకొనెను. అతని కోడలు చీర గోచిపోసి బిగించి, అరచేతులు మట్టిలో రుద్దుకొని, చూచుచుండగనే పైకి పోయెను. గడ కొనమీద పొట్ట యానించి, చేతులును కాళ్లును చాచి, పక్షివలె గిరగిర తిరిగెను. జనమందరు ఆమెను చూచుచుండిరి. నేను ఏమి కారణముననో డోలు వాయించువానిని చూచుచుంటిని. అతని చేతులు డోలుమీద నున్నవి గాని కన్నులు ఒక్క రెప్పపాటైనను ఆమెనుండి తొలగలేదు. ఆమె దిగుటకు సిద్ధమగుచున్నదనుట ఆ వాద్యములోని మార్పుచేతనే మాకు తెలిసినది. ఆట ముగిసినపిమ్మట చీర పరచిరి. ఊరివారు జొన్నలు, వేరుసెనగలు, కొంద రణాలు వేసిరి. దొమ్మరులు గడ నాటిన యేట వానలు కురియునని మా యవ్వ చెప్పెడిది. వాన కావలసినపుడు వారు కావలెను. తక్కిన దినములలో వారు ఊరిబయట నుండవలెను.

1909లో థర్స్టన్ దొర మదరాసునుండి ప్రకటించిన ఏడు సంపుటముల కులచరిత్రలో ఈ గడవిద్య వర్ణింపబడినది. ఆ తరువాత రెండేండ్లకే, 1911లో, నేరస్థ జాతుల చట్టము మదరాసు రాజధానికి వర్తించినది. దానిక్రింద దొమ్మరులలోను కొన్ని తెగలకు నేరస్థులను ముద్ర పడినది. ఊరూరు తిరుగుటయే బ్రతుకుగా గలవారికి ఊరు కదలిన పోలీసులకు చెప్పవలయునను నిర్బంధము ఎట్టిదో ఊహించుడు. ఆ చట్టము 1952లో రద్దైనది. కాగితముమీది ముద్ర చెరిగినంత త్వరగా నోటిలోని ముద్ర చెరుగదు.

ఇక మా చిత్తూరు జిల్లాలోనే మరి రెండు మానులు కలవు. ద్రౌపదీ ధర్మరాజుల గుళ్లలో ఏటేట భారతము జరుగును. హరికథకుడు పగలు కథ చెప్పును, రాత్రి వీథినాటకము. అందులో ఒకనాడు అర్జున తపస్సు. ఎత్తైన మాను నాటి, అర్జున వేషధారి పద్యములు పాడుచు మెట్టుమెట్టుగా దానిపైకెక్కి పాశుపతాస్త్రమునకై తపస్సు చేయును. బిడ్డలు లేని స్త్రీలు తడిబట్టలతో క్రింద నిలిచి ఆతడు విసరు నిమ్మపండ్లకును, పువ్వులకును కొంగు పట్టుదురు. రెండవది ఉట్లమాను. నూనెయు జిగురును పూసిన మానుపైకి యువకు లెగబ్రాకుచుండగా చుట్టునున్నవారు నీళ్లు చల్లుదురు; జారిపడినవానిని చూచి నవ్వుదురు, మరల ఎక్కుమందురు. తిరుమలలోను గోకులాష్టమి మరునాడు ఉట్లోత్సవము నేటికిని జరుగుచున్నది. అదే మాను, అదే యెక్కుడు. పురుషు డెక్కిన తపస్సు, లేదా ఉత్సవము. స్త్రీ యెక్కిన తిట్టు.

ఇంతదూర మీ మాట నెందుకు తెచ్చితినో యిక చెప్పెదను. మా యక్క కూతురు బెంగుళూరిలో కంప్యూటరు కొలువు చేయుచున్నది. దినమునకు పదిగంటలు కుర్చీలో కూర్చుండి మెడయు నడుమును పట్టుకొనిపోగా, వైద్యుడు వ్యాయామము చేయుమనెను. ఆమె యోగము చేసి విసిగి, పోల్ డాన్సు అనుదానిలో చేరినది. ఉక్కు స్తంభమును పట్టుకొని తిరుగుట, ఎక్కుట, తలక్రిందులుగ వ్రేలాడుట, వీనిని సంగీతముతో కూర్చి చేయు విద్య యది. ఈ సంగతి ఆమె ఫోనులోని చిత్రముచేత మా యింట బయటపడినది. మా యక్క రెండుదినములు అన్నము ముట్టలేదు. మా బావ ఎవరితోను మాటాడలేదు. మా యమ్మ మాత్రము ఒక్కటే మాట యనెను. అది యేమాటయో చదువరులు మొదటి వాక్యమునందే చూచియున్నారు. ఇంట రెండు భాషలు చదివినవాడను నేనొక్కడనే యగుటచేత తీర్పు చెప్పు పని నాపై పడినది.

మా వారి యాక్షేపణలు రెండు విధములు. అవి రెండును ఒక్కటిగా కలిసిపోయి వినబడుచుండెను. పడి కాలు విరుగునేమో యనునది యొకటి. నలుగురేమందురో యనునది మరియొకటి. అక్క "పడితే ఎవరు చేసుకుంటారురా?" అనినపుడు రెండును ఒకే మూటలో నుండెను. ఉట్లమానునుండి జారి మోకాలు పగులగొట్టుకొన్న మా పెదనాన్న కొడుకును గురించి ఆ ప్రశ్న ఎవరును వేయలేదు. అతనికి ఆ యేడే పెండ్లియైనది. నేను మూట విప్పి, ముందుగా మొదటిదానిని చూతమనుకొంటిని. అపాయ మున్నదా లేదా యనునది చూచి తెలిసికొనదగిన విషయము. నలుగురి నోరు అట్టిది కాదు.

చూచుటకు హేతువును లేకపోలేదు. ఆ పిల్ల మొదట చేరిన చోట (దాని పేరు నాకు పనిలేదు) రెండవదినముననే తలక్రిందులుగా వ్రేలాడదీసి చిత్రములు తీసినారట. చేరినవారు ఆ చిత్రములను లోకమునకు చూపినచో మరి పదిమంది చేరుదురు. అదే వారి పాఠక్రమము. మూడవవారమున దాని మణికట్టు బెణికి నెలదినములు కట్టుతో తిరిగినది. కాని విద్య మానలేదు, చోటు మార్చినది. అంతటి పట్టుదల ఇంగ్లీషు వ్యాకరణమునందు చూపినచో మా పాఠశాల పేరు నిలిచియుండెడిది.

దసరా సెలవులలో నేను బెంగుళూరు పోయి, ఆ రెండవచోట, ఉపాధ్యాయిని యనుమతితో మూడు ఉదయములు మూల కుర్చీలో కూర్చుండి చూచితిని. గదిలో ఎనిమిది స్తంభములు నేలనుండి పైకప్పువరకు నిలిచియున్నవి. మందము 45 మిల్లీమీటర్లు. మన రోకలికంటె సన్నము, గొడ్డలికామకంటె లావు. నేర్చుకొనువారిలో ఒక బ్యాంకు గుమాస్తా, ఇద్దరు బిడ్డల తల్లి, నా యీడుగల పంతులమ్మ యొకతె యుండిరి. వారు మోకాళ్లపైవరకు మాత్రమే యుండు లాగులు ధరించిరి. దీనికే కదా మావారు గుండెలు బాదుకొన్నది! కారణము నేను విచారించితిని. ఉక్కును పట్టుకొని నిలుపునది చర్మము. బట్ట జారును, చర్మము అంటును. తొడపట్టున బట్ట యున్నచో మనిషి నేలమీదికి వచ్చును. గోచిపోసి చీర బిగించిన ఆనాటి గడసాని కిది యెవరును చెప్పనక్కరలేకపోయెను.

ఉపాధ్యాయిని మొదటిపని స్తంభములను పరీక్షించుట. ప్రతిదానిని పట్టుకొని ఊపి, తన బరువు వేసి, మరలు చూచి, ఆపైన స్పిరిటుగుడ్డతో తుడిచినది. రెండవపని మనుషులను పరీక్షించుట. ఉంగరములు, గాజులు, మెట్టెలు తీయించినది. ఒక యువతి తలంటుకొని, ఒంటికి ఏదియో లేపనము పూసికొని వచ్చినది. ఆమెను ఆనాడు స్తంభము ముట్టనీయక నేలమీది యభ్యాసములకు పంపినది. నూనె చర్మము పట్టదు. పిదప ఇరువది నిమిషములు ఒళ్లు కాచుకొనుట: మణికట్లు, భుజములు, తుంటి, తొడవెనుక నరములు. మా పిల్ల మొదటిచోట ఈ భాగమే లేదని చెప్పినది. చల్లని యొంటితో బరువెత్తరాదని మా కావడివారికిని తెలియును.

అటుపిమ్మట చెప్పిన మొదటిపాఠము స్తంభమును గూర్చినది కాదు, భుజమును గూర్చినది. చేయి పైకెత్తి పట్టుకొని బరువు వేయునప్పుడు భుజము చెవిదగ్గరకు పోయి, కీలుమీదనే దేహమంతయు వ్రేలాడును. అది కూడదు. రెక్కయెముకను క్రిందికిని వెనుకకును దించి, వీపుకండరములతో పట్టవలెను. బావిలో నీరు చేదునప్పుడు మన స్త్రీలు చేయునది యిదే. చేతిని వదులుగా విడిచి చేదినవారెవరు? ఈ యొక్కటి కుదురువరకు నేలనుండి పాదము లేవనీయలేదు. రెండుచేతులును పట్టుచోట పైచేయి లాగును, క్రిందిచేయి నెట్టును. చేతిని మెలిపెట్టి పట్టు పట్టొకటి కలదట. అది చూచుటకు సులభముగా కనబడును గాని భుజమును పాడుచేయును గనుక క్రొత్తవారికి నిషేధము.

తరువాత నడక. స్తంభమునకు దగ్గరిచేయి పైనుంచి, మునివేళ్లమీద చుట్టును నడచుట. హాస్యాస్పదముగ నుండునంత చిన్నపని. అరగంట అదే చేయించినది. ఆ నడకలోనుండియే తొలి తిరుగుడు పుట్టును. స్తంభముమీదికి దూకరాదు, బయటికాలిని విశాలముగా విసరి, ఆ వేగము దేహమును త్రిప్పగా, లోపలి పాదము నేలను విడువవలెను. దూకినవాని బరువంతయు ఒక్క కుదుపుతో మణికట్టుమీద పడును. మా పిల్లకు బెణికినది అందుచేతనే. తిరుగుడు ముగియునప్పుడు మోకాళ్లు సడలించి మునివేళ్లమీద దిగవలెను. తొలి తిరుగుళ్లలో ఒకదానిని అగ్నిమాపకుని తిరుగుడని పిలుచుచున్నారు: రెండు చేతులతో పట్టి, రెండుకాళ్లతో స్తంభమును బిగించి, కుర్చీలో కూర్చున్నట్లు గుండ్రముగ దిగుట.

మూడవది ఎక్కుట. ఒకపాదము ముందు వంచి చీలమండ స్తంభమునకు తాకించి, రెండవకాలి పిక్క వెనుకనుండి బిగించి, ఆ బిగింపుమీద నిలిచి చేతులు పైకి జరుపవలెను. చేతులతో దేహమును లాగుకొని పోవువారు మూడు గజములలో అలసిపోవుదురు. కొబ్బరిచెట్టెక్కువాని పాదములను చూచినవారికి ఇది క్రొత్త గాదు. పైన తొడల నడుమ బిగించి కూర్చుండుట నాలుగవది. అచ్చట చర్మము మండును, కమిలి నల్లనగును. ఈ కమిలుట ఆ విద్యకు సహజమనియు, పదునైదుదినములలో చర్మము అలవాటుపడుననియు ఉపాధ్యాయిని చెప్పినది. కాని కీలులో సూదిగ్రుచ్చినట్లు వచ్చు నొప్పి వేరు, చర్మపు మంట వేరు. మొదటిది వచ్చిన ఆ క్షణమే ఆగవలెను. ఏది కుడిప్రక్క చేసిరో అది యెడమప్రక్కను చేయవలెను. ఒక ప్రక్కనే చేసినవారి కండరములలో సమతూకము తప్పును. ఒకనాడు చేసిన మరునాడు విశ్రాంతి.

తలక్రిందులగుట ఆ మూడునాళ్లలో క్రొత్తవారెవరికిని నేర్పలేదు. అడిగితిని. నేలమీదనుండి దూకక, కాలు విసరక, నెమ్మదిగా రెండుమోకాళ్లును రొమ్మువరకు తెచ్చి నిలుపగలిగినవారికే ఆ పాఠము. అది కొందరికి మూడునెలలు, కొందరికి ఏడాది. అప్పుడును మందపుపరుపు క్రింద నుండవలెను, ఉపాధ్యాయిని ప్రక్కన నిలిచి వీపునకు చేయి యొగ్గవలెను. పరుపును నమ్ముకొని తెగించువారిని ఆమె పరుపు తీయించి నేలమీద కూర్చుండబెట్టును. మెడకు పరుపు కాపు కాదని యామె మాట.

మన దేశమున దీనికి అన్నవంటి విద్య యొకటి కలదు. కళ్యాణి చాళుక్యప్రభువు సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన మానసోల్లాసమున మల్లుల శిక్షణము చెప్పుచోట స్తంభముమీది శ్రమ పేర్కొనబడినది. పీష్వా రెండవ బాజీరావు కాలమున వ్యాయామగురువు బాలంభట్ట దేవధరుడు దానిని మల్లఖంబమను పేర పునరుద్ధరించెను. టేకు లేదా శీసముకొయ్య స్తంభమునకు ఆముదము పూసి చేయుదురు. ఉక్కుస్తంభమునకు పొడిచర్మము, కొయ్యకు నూనె. రెంటిలోను చర్మము చిరుగకుండుటయు జారకుండుటయు సరితూగవలెను. 1981లో ఉజ్జయినిలో దీనికి జాతీయపోటీలు మొదలైనవి. 2013లో మధ్యప్రదేశము దీనిని రాష్ట్రక్రీడగా ప్రకటించినది. 2019 ఫిబ్రవరిలో ముంబయి శివాజీపార్కున ప్రపంచపోటీ జరిగినది. బాలికలకును, చూపులేని పిల్లలకును దీనిని నేర్పిన ఉదయ్ దేశపాండేగారికి 2024లో పద్మశ్రీ వచ్చినది. పాశ్చాత్యుల స్తంభనృత్యము వేరుత్రోవను వచ్చినది. సంచారవేడుకల గుడారములలో నడిమిరాటను పట్టి యాడుటనుండి పుట్టినదని చెప్పుదురు. తరువాత అది మద్యశాలలకు చేరి, అచ్చటనుండి 1990 ప్రాంతములలో గృహిణుల వ్యాయామశాలలకు వచ్చెను. 2017లో ప్రపంచ క్రీడాసమాఖ్యల మండలి దీనికి పరిశీలక హోదా నిచ్చినది. మద్యశాలలో ఉన్నకాలమును దాచువారు కొందరు, దానినే చాటువారు కొందరు. నాకు ఇద్దరితోను పని లేదు. ఆ స్త్రీలు ఆ గదిలో కడుపుకూటికొరకు చేసినదే మొదట ఈ విద్యను బ్రతికించినదని మాత్రము మరువరాదు.

ఈ మాట యనగానే మా సంస్కర్తల చరిత్ర జ్ఞప్తికి వచ్చును. వీరేశలింగంపంతులుగారు మొదలైనవారు మేజువాణులను ఖండించినారు. బాలికలను దేవాలయముల కర్పించుట 1947లో మదరాసు చట్టముచే నిషిద్ధమైనది. అది జరుగవలసినదే. కాని ఆ బాలికల దురవస్థతోపాటు వారి విద్యను కూడ గంగలో కలుపవలెనని యెవరో యనుకొనిరి. సదిరునాట్యము అదృష్టముకొలది బ్రతికినది. రుక్మిణీదేవిగారు 1936లో కళాక్షేత్రము స్థాపించి దానికి గౌరవస్థానము కల్పించిరి. ఇప్పుడది మా యింటి పిల్లలకు చదువువలె అవసరమైనది. గడకు రుక్మిణీదేవి దొరకలేదు. పోనిండు, సదిరు నృత్యమును పెంచినవారి మనుమరాండ్రకు ఆ గౌరవములో ఎంతపాలు దక్కినదని యడిగినచో దానికిని ఎవరును సుముఖముగా సమాధానము చెప్పరు.

బెంగుళూరునుండి వచ్చిన పిదప నేను ఐరాలకు నాలుగుమైళ్ల దూరమునగల పల్లెలో ఒక ముదుసలి గడవంశీయుని చూడబోతిని. వయసులో గడయాడి, తరువాత దువ్వెనలమ్మి, ఇప్పుడు మేకలు మేపుచున్నాడు. నా ఫోనులో మేనకోడలి యాటను చూపితిని. ఫోనును కన్నులకు దగ్గరగా పట్టి, మూడుమారులు చూచెను.

"పాప చెయ్యి బాగుండాది అయివోరా. కన్నే బాగలేదు. కిందికి చూస్తా ఉండాది."

"కిందికి చూస్తే ఏమవుతుంది పెద్దయ్యా?"

"కన్ను యాడికి పోతే ఒళ్లు ఆడికి పోతాది. ఎక్కేది ఎవురైనా నేర్పుతారు. దిగేది నేర్పినారా?"

నేర్పిరని చెప్పితిని. చేయిక్రింద చేయి వేసి నిదానముగా దిగవలెననియు, జర్రున జారిన తొడచర్మము కాలుననియు ఉపాధ్యాయిని చెప్పిన మాటను వినిపించితిని. ఆతడు తలయూపెను.

"మా నాయిన ఆర్నెల్లు నన్ను గడ ముట్టనీలే. మోకు కట్టేది, గూటం కొట్టేది నేర్చినాకనే ఎక్కమన్నాడు. మోకు ఎట్లా కట్టినారో తెలీనోడు పైన ఆడకూడదు అనేటోడు."

నేను చదివిన పుస్తకములలో, చూచిన మూడు పాఠములలో ఇంతకు మించిన సూత్రము లేదు. అందుచేత, మేనకోడలు ఇంటినుండి పని చేయు నెలలలో ఐరాలలో స్తంభము నిలుపుకొందుననినపుడు, మరలు బిగించుట తానే నేర్చుకొని చేయవలెనని నేను నిబంధన పెట్టితిని. ఇటువంటి స్తంభము నేలకును కప్పునకును నడుమ ఒత్తిడిచేత నిలుచును. కప్పు గట్టిది కాకున్న నిలుచునట్లు నటించి, మనిషి యెక్కినపుడు జారును. మా పాత మిద్దె దూలములమీద వేసినది, అది పనికిరాదు. రేకులును, ప్లాస్టరు తెరకప్పులును పనికిరావు. వెనుక కాంక్రీటు కప్పుగల గది యొకటి కలదు, అచ్చట నిలిపినది. చాచిన కాలికి అందునంతమేర మంచము, బీరువా తొలగించితిమి. పంకాను విప్పించితిమి, పట్టణపు పుస్తకములలో ఈ పంకా సంగతి వ్రాయరు గాని మన యిండ్లలో మొదటి గండ మదియే. తలుపు లోపల గడియ వేయరాదు, ఇంట మరియొకరు లేక స్తంభము ముట్టరాదు, పరుపు లేక ఎక్కరాదు. మణికట్టు మరల నొచ్చిన చిత్తూరులోని వైద్యుని చూచువరకు మానవలెను. తలక్రిందుల పాఠములు బెంగుళూరిలోనే, గురువు ప్రక్కనుండగనే. వీనికన్నింటికి ఆ పిల్ల యొప్పుకొన్నది. "మామా, నువ్వు మా టీచరుకంటె చాదస్తుడివి" అని మాత్రము అనినది.

మా యక్క రెండునెలలు ఆ గదివైపు పోలేదు. ఇప్పుడు గుమ్మములో కూర్చుండి చిక్కుడుకాయలు గిల్లుచు చూచుచున్నది. సంబంధములవారికి చెప్పవలెనా వద్దా యను తగవు మా బావకును ఆమెకును ఇంకను తెగలేదు. చెప్పవలెననియే నా పక్షము. దాచిపెట్టి చేసిన పెండ్లిలో ఆ స్తంభము ఎప్పుడో యొకనాడు ఇంటి నడుమ మొలచును. ఇప్పటికి ఒక సంబంధము ఆ మాటమీదనే తప్పిపోయినది. ఆ రాత్రి ఆ పిల్ల యేడ్చినది. మరునాడుదయము యథాప్రకారము మణికట్లు త్రిప్పుకొనుచు గదిలోనికి పోయినది.

ఆ ముదుసలి మనుమరాలు మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్నది. పరుగులో ఆమె ముందు నిలుచువారు లేరు. గోడమీద నడచిన తీరు చూచిన, ఆ పాదములకు ఎవరో నేర్పినట్లే యుండును. మా బడి యావరణములో మల్లఖంబ స్తంభము నొకటి నిలుపవలెననియు, బాలికలకును నేర్పించవలెననియు నేను కొన్నాళ్లుగా ప్రయత్నించుచున్నాను. మొదట చేరవలసినది యీమె యనుకొని తల్లితో మాటాడుటకు మరల ఆ యింటికి పోతిని.

"గడ మాట మా యింట్లో ఎత్తొద్దు అయివోరా," అని యామె నన్ను కూర్చుండుమనుటకు ముందే చెప్పెను. "కొళాయికాడ నా బిడ్డను ఏమని పిలుస్తారో మీకు తెలుసు. మీ పాప ఎక్కితే పేపర్లో యేస్తారు. మా పాప ఎక్కితే, చూసినారా పుట్టుక యాడికి పోతాది, అంటారు. నాకు బిడ్డ నర్సు కావాల."

నేను మల్లఖంబము వేరు, గడ వేరు అని చెప్పబోయి, ముదుసలి ముఖము చూచి యూరకుంటిని. రెండును వేరు కావని అతనికి నాకంటె బాగుగ తెలియును. ఆతడు కొంతసేపటికి అడిగెను:

"మీ పాప చేసేదాన్ని ఏమంటారు అయివోరా?"

"వ్యాయామ మంటారు పెద్దయ్యా."

"ఆ. అది."

పిల్ల లోపలనుండి మజ్జిగ తెచ్చి యిచ్చినది. నర్సు చదువునకు ఇంటర్మీడియెటులో ఏ విభాగము తీసికొనవలెనో, విద్యార్థివేతనమున కెప్పుడు దరఖాస్తు పెట్టవలెనో ఆ తల్లికి వ్రాసియిచ్చి లేచితిని. వాకిట రెండు ఇనుపగూటములు నేలలో పాతియున్నవి. తలలు సమ్మెటదెబ్బలకు పుట్టగొడుగులవలె అణగియున్నవి. ఒకదానికి మేక, రెండవదానికి లేగదూడ కట్టబడియున్నవి.